నేల విడిచిన సాము: భారీ క్రూయిజర్ల మీద వీలీల చరిత్ర

నడుస్తున్న మోటారు సైకిలు ముందు చక్రాన్ని గాలిలోకి లేపి, వెనుక చక్రం ఒక్కదాని మీదే బండిని ముందుకు నడపడాన్ని వీలీ అంటారు. తేలికపాటి బండ్ల మీద ఈ విద్య చాలా పాతది. మూడు వందల కిలోల హార్లీ డేవిడ్‌సన్ లాంటి క్రూయిజర్ల మీద మాత్రం ఇది నిన్నమొన్నటిది. 2000 సంవత్సరానికి ముందు అక్కడక్కడా ఒక్కొక్కరు చేసి ఉండవచ్చు గానీ, పదిమందీ నేర్చుకునే విద్యగా, దానికంటూ ప్రత్యేకమైన బండ్లూ విడిభాగాలూ ఉన్న ఆటగా ఇది రూపు కట్టింది 2010 దశకంలోనే.

ఇంత ఆలస్యం కావడానికి కారణం క్రూయిజర్ నిర్మాణంలోనే ఉంది. అమెరికాలోని పొడవాటి, తిన్నటి రహదారుల మీద గంటల తరబడి అలసట లేకుండా సాగిపోవడానికి తీర్చిన బండి అది. సీటు నేలకు దగ్గరగా, రెండడుగుల మూడంగుళాల ఎత్తులో ఉంటుంది. రెండు చక్రాల నడుమ దూరం, అంటే వీల్‌బేస్, ఎక్కువ. ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది. చాలా మోడళ్లలో కాళ్లు ముందుకు చాపుకుని కూర్చోవాలి. ఇంజను పెద్దది, బరువైనది, కిందికి అమర్చినది. ఈ అమరిక అంతా ముందు చక్రం నేలను వదలకుండా, బండి గీత గీసినట్టు తిన్నగా పోవడానికే. అలాంటి బండి చేత సరిగ్గా దానికి పడని పని చేయించడానికి మనుషులు పడిన పాట్లే ఈ చరిత్ర.

బండి బరువు ఎక్కువ కాబట్టి ముందు చక్రం లేవదని చాలామంది అనుకుంటారు. అది సగం నిజమే. ముందు చక్రం లేవాలంటే బండికి ఎంత త్వరణం కావాలన్నది రెండు కొలతల మీద ఆధారపడుతుంది. ఒకటి, వెనుక చక్రం నేలను తాకే చోటు నుంచి బండీ మనిషీ కలిసిన గురుత్వ కేంద్రం ఎంత ముందుకు ఉంది అన్నది. రెండోది, ఆ కేంద్రం నేల నుంచి ఎంత ఎత్తులో ఉంది అన్నది. మొదటి కొలతను రెండోదానితో భాగిస్తే వచ్చే సంఖ్య ఎంతో, గురుత్వ త్వరణానికి అన్ని రెట్ల త్వరణం అవసరం. ఒక స్పోర్ట్స్ బైకులో ఈ కొలతలు సుమారు 70, 65 సెంటీమీటర్లు అనుకుంటే గురుత్వ త్వరణానికి 1.1 రెట్లకు కాస్త తక్కువ చాలు. క్రూయిజర్‌లో 76, 55 సెంటీమీటర్లు అనుకుంటే 1.4 రెట్లకు దగ్గరగా కావాలి. పొడవుగా, నేలబారుగా ఉండటమే అసలు అడ్డంకి.

బరువు పాత్ర ఆ తరువాత మొదలవుతుంది. అంత త్వరణాన్ని మనిషితో కలిపి 390 కిలోలకు ఇవ్వాలంటే వెనుక చక్రం నేలను ఐదు వేల న్యూటన్లకు పైబడిన బలంతో తొయ్యాలి. 1,868 సీసీల హార్లీ ఇంజను సుమారు 155 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తుంది. మొదటి గేరులో అది దాదాపు తొమ్మిదిన్నర రెట్లయి వెనుక చక్రానికి చేరినా, లెక్క వేస్తే 4,600 న్యూటన్లకు మించదు. అంటే యాక్సిలరేటర్ ఎంత తిప్పినా, సమంగా ఉన్న రోడ్డు మీద ఆ ఇంజను తనంత తానుగా ముందు చక్రాన్ని లేపలేదు. ఇక్కడ అక్కరకు వచ్చేది క్లచ్. క్లచ్ నొక్కి ఇంజనును రేజ్ చేస్తే, వీ ఆకారంలో రెండు సిలిండర్లుండే హార్లీ వీ-ట్విన్ ఇంజనులోని బరువైన ఫ్లైవీల్ తిరుగుడులో శక్తి నిల్వ అవుతుంది. క్లచ్‌ను ఒక్కసారిగా వదిలితే ఆ నిల్వ అంతా రెప్పపాటులో వెనుక చక్రానికి చేరుతుంది. ఆ క్షణంలోనే ముందు ఫోర్కును కిందికి అదిమి వదలడం, ఒంటిని వెనక్కి లాగడం కూడా కలవాలి. ఈ మూడూ ఒకే క్షణంలో పడితేనే భారీ క్రూయిజర్ ముందు కాలు ఎత్తుతుంది. అందుకే క్రూయిజర్ మీద చేసే వీలీ దాదాపు ఎప్పుడూ క్లచ్ వీలీయే.

ఒకసారి లేచాక కథ మారుతుంది. గురుత్వ కేంద్రం సరిగ్గా వెనుక చక్రం నేలను తాకే చోటుకు నిట్టనిలువునా పైకి వచ్చే కోణాన్ని బ్యాలెన్స్ పాయింట్ అంటారు. అక్కడ బండిని నిలపడానికి త్వరణం అక్కర్లేదు. ముందుకు ఒరిగితే కొద్దిగా యాక్సిలరేటర్, వెనక్కి ఒరిగితే వెనుక బ్రేకు, అంతే. పొట్టి బండి కంటే పొడవాటి, నేలబారు బండిలో ఈ కోణం ఎక్కువ. పై కొలతల ప్రకారమే చూస్తే స్పోర్ట్స్ బైకు కంటే క్రూయిజర్‌ను ఇంకొన్ని డిగ్రీలు ఎక్కువ లేపాలి. అంత ఎత్తుకు వెళ్లేసరికి వెనుక మడ్‌గార్డు, సైలెన్సర్ గొట్టాలు నేలను రాసుకునే ప్రమాదం ఉంది. మరోవైపు పొడవాటి బరువైన బండి మెల్లగా లేస్తుంది, మెల్లగా వాలుతుంది. చెయ్యి తిరిగినవాడికి సర్దుకునే వ్యవధి దొరుకుతుంది. తప్పు జరిగితే మాత్రం మీద పడేది మూడు క్వింటాళ్లు.

మోటారు సైకిళ్ల ముందు చక్రం మొదట లేచింది ఎవరూ కోరుకోకుండానే. 1920, 30 దశకాల్లో అమెరికాలో కొండ ఎక్కే పందేలకు విపరీతమైన ఆదరణ ఉండేది. నిటారైన మట్టి కొండను ఎవరు ముందుగా ఎక్కితే వారిదే గెలుపు. ఎవరూ పైదాకా చేరకపోతే ఎక్కువ దూరం వెళ్లినవాడు గెలిచినట్టు. వెనుక టైరుకు గొలుసులు చుట్టి, హార్లీ, ఇండియన్, ఎక్సెల్‌సియర్ కంపెనీల బండ్లు బరిలో దిగేవి. ఏటవాలు మీద గురుత్వ కేంద్రం దానంతటదే వెనక్కి జరుగుతుంది కనుక ముందు చక్రం లేవడం అక్కడ మామూలు. లేచిందంటే పందెం పోయినట్టే. బండి వెనక్కి తిరగబడి రౌతు మీద పడటం చూడటానికే జనం వచ్చేవారంటే అతిశయోక్తి కాదు. ముందు చక్రాన్ని కిందనే ఉంచడం ఆనాటి నేర్పు.

అదే కాలంలో సర్కసుల్లో, సంతల్లో విన్యాసాలు చూపే రౌతులకు మాత్రం లేచిన చక్రమే తిండి పెట్టేది. అయితే వాళ్లు ఎంచుకున్నది చిన్న, తేలిక బండ్లను. పెద్ద హార్లీలు ఆ రోజుల్లో పోలీసు కవాతులకూ, ఊరేగింపులకూ, ఒకే బండి మీద పదిమంది ఎక్కి గోపురం కట్టే విన్యాసాలకూ పనికొచ్చేవి. లాస్ ఏంజెలిస్‌లో 1935లో మొదలైన విక్టర్ మెక్‌లాగ్లెన్ మోటార్ కోర్ ఇలాంటి విన్యాస బృందాల్లో పేరున్నది. భారత సైన్యంలోనూ ఇదే సంప్రదాయం ఉంది. సిగ్నల్స్ కోర్‌కు చెందిన డేర్ డెవిల్స్ జట్టు కూడా 1935లోనే మొదలైంది. గణతంత్ర దినోత్సవ కవాతులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ల మీద వారు కట్టే మానవ గోపురాలు మన ఇళ్లలో టీవీ చూసే ప్రతివారికీ పరిచయమే. బరువైన బండి కదలకుండా నిలకడగా సాగడమే ఈ విన్యాసాలకు ప్రాణం. వీలీకి కావలసిన గుణం ఇది కాదు.

క్రూయిజర్ అనే తరగతి స్పష్టంగా ఏర్పడటానికి 1970 దశకం రావలసి వచ్చింది. అప్పటికి హార్లీ దగ్గర రెండు రకాల బండ్లు ఉన్నాయి. ఒకటి ఎలక్ట్రా గ్లైడ్ వంటి భారీ ప్రయాణపు బండి. రెండోది 1957లో వచ్చిన స్పోర్ట్‌స్టర్. 1969లో విడుదలైన ఈజీ రైడర్ సినిమాతో పొడవాటి ఫోర్కుల చాపర్లు ప్రపంచమంతా తెలిశాయి. యువకులు పెద్ద హార్లీలను కొని, అనవసరమైనదంతా పీకేసి, సొంతంగా చాపర్లు కట్టుకోవడాన్ని హార్లీ డిజైనరు విల్లీ జి. డేవిడ్‌సన్ గమనించాడు. పెద్ద బండి చట్రానికీ ఇంజనుకూ స్పోర్ట్‌స్టర్ ముందు భాగాన్ని జోడించి 1971లో సూపర్ గ్లైడ్‌ను తీసుకువచ్చాడు. కంపెనీయే తయారు చేసిన తొలి కస్టమ్ బండిగా దాన్ని చెబుతారు. 1977లో లో రైడర్ వచ్చింది. తరువాత వచ్చిన డైనా, సాఫ్ట్‌టెయిల్ వరసల బండ్లు ఈ వంశంలోనివే. వీధి కుర్రాళ్లు చేసినదాన్ని కంపెనీ అందుకోవడం ఈ కథలో అదే మొదటిసారి, చివరిసారి కాదు.

ఆ రోజుల్లోనే హార్లీ, వీలీ అన్న రెండు మాటలను జనం మనసులో ఒకచోట చేర్చినవాడు ఈవెల్ క్నీవెల్. మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ పట్టణంలో 1938లో పుట్టిన ఇతను బస్సుల వరుసలు, ఫౌంటెన్లు బండి మీద దూకి పేరు తెచ్చుకున్నాడు. దూకే ముందు మైదానంలో అటూ ఇటూ తిరుగుతూ, సీటు మీద నిలబడి వీలీ చేస్తూ జనాన్ని ఉర్రూతలూగించడం అతని అలవాటు. 1975 మే నెలలో లండన్ వెంబ్లీ స్టేడియంలో 13 బస్సుల మీదుగా దూకి పడిపోయినప్పుడూ, అదే ఏడాది అక్టోబరులో ఒహాయోలోని కింగ్స్ ఐలండ్‌లో 14 బస్సులను దాటి నిలిచినప్పుడూ అతని కింద ఉన్నది హార్లీయే. అయితే అది క్రూయిజర్ కాదు. మట్టి ట్రాకు పందేల కోసం తయారైన ఎక్స్‌ఆర్-750, బరువు దాదాపు 135 కిలోలు. ఎలక్ట్రా గ్లైడ్ బరువులో సగం కూడా లేదు. 1967 చివరి రోజున లాస్ వేగాస్‌లోని సీజర్స్ ప్యాలెస్ ఫౌంటెన్ల మీద దూకి ఎముకలు విరగ్గొట్టుకున్నప్పుడు అతను ఎక్కింది బ్రిటన్‌లో తయారైన ట్రయంఫ్ బానెవిల్‌ను. అతని చారల దుస్తులూ, ట్యాంకు మీది హార్లీ ముద్రా కలిసి పెద్ద హార్లీలు కూడా గాలిలోకి లేస్తాయన్న భ్రమను ఒక తరానికి కలిగించాయి.

మామూలు మనిషి చేతికి వీలీని నిజంగా అందించినవి జపాన్ బండ్లు. 1969 నాటి కవాసాకి హెచ్1 రెండు స్ట్రోకుల, మూడు సిలిండర్ల 500 సీసీ బండి. 60 అశ్వశక్తి, తేలిక శరీరం. ఇంజను ఒక వేగం దాటగానే శక్తి కట్ట తెగినట్టు దూసుకువచ్చేది, ముందు చక్రం అడగకుండానే లేచేది. తరువాతి మూడేళ్లలో దాని 750 సీసీ రూపం కూడా వచ్చింది. వీలీని ఒక వృత్తిగా మలుచుకున్న డగ్ డోమోకోస్ ఈ వాతావరణంలో ఎదిగినవాడే. వీలీ కింగ్ అని పిలిపించుకున్న అతను 1984 జూన్ 27న అలబామాలోని టాలడేగా రేసు ట్రాకు మీద ముందు చక్రం దించకుండా 145 మైళ్లు, అంటే 233 కిలోమీటర్లు నడిపాడు. 1991 మేలో జపాన్‌కు చెందిన యసుయుకి కుడో 331 కిలోమీటర్లతో ఆ రికార్డును దాటాడు. అతను వాడింది హోండా వారి ట్రయల్స్ బండి, రాళ్లూ రప్పలూ ఎక్కడానికి చేసిన బక్క ప్రాణి. వేగంలో చూస్తే 1999 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లోని బ్రంటింగ్‌థార్ప్ రన్‌వే మీద స్వీడన్‌కు చెందిన పాట్రిక్ ఫూర్‌స్టెన్‌హాఫ్ టర్బో బిగించిన హోండా బ్లాక్‌బర్డ్‌ను ముందు చక్రం గాలిలో ఉండగానే గంటకు 307 కిలోమీటర్లు దాటించాడు. ఈ రికార్డుల పట్టికలో క్రూయిజర్ జాడ లేదు.

పెద్ద ఇంజన్ల వారికి ఇదే కాలంలో లేచిన చక్రం మీద ద్వేషమే ఉండేది. డ్రాగ్ రేసు అంటే పావు మైలు తిన్నని దారిని ఎవరు ముందు దాటుతారన్న పోటీ. అక్కడ చక్రం లేస్తే రౌతు యాక్సిలరేటర్ తగ్గించక తప్పదు, సమయం పోతుంది. అందుకే డ్రాగ్ బండ్లలో వెనుక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్‌ను సాగదీశారు, బండి వెనక్కి పొడుచుకు వచ్చేలా చిన్న చక్రాలున్న కడ్డీలు బిగించారు. ముందు చక్రం కాస్త లేవగానే ఆ కడ్డీలు నేలను తన్ని బండిని ఆపుతాయి. 1985లో యమహా తెచ్చిన వీమ్యాక్స్ ఈ డ్రాగ్ స్వభావాన్ని షోరూమ్‌కు తీసుకువచ్చింది. 1,198 సీసీలు, 145 అశ్వశక్తి. క్రూయిజర్ ఆకారంలో ఉన్న బండికి ఇంత శక్తి అప్పటిదాకా లేదు. తిన్నగా దూసుకుపోవడానికే పుట్టిన ఈ బండితో పవర్ క్రూయిజర్ అనే కొత్త తరగతి మొదలైంది. 2011లో ఇటలీ నుంచి వచ్చిన డుకాటి డియావెల్ ఆ తరగతిలో అందరికంటే తేలికైనవాటిలో ఒకటి. 162 అశ్వశక్తి, పెట్రోలూ నూనెలూ లేకుండా 210 కిలోలు. దాని ముందు చక్రం క్లచ్ సాయం లేకుండానే లేచేది. క్రూయిజర్ అనదగినదేనా అని దాని మీద వాదనలు నడిచాయి. పొడవాటి వీల్‌బేస్ ఉన్నా, ఆ బండి సగం స్పోర్ట్స్ బైకే అనడం సబబు.

ఇంజను కాదు, చట్రమే కారణమన్న మాటకు హార్లీ ఇంట్లోనే ఒక రుజువు ఉంది. హార్లీలో ఇంజనీరుగా పనిచేసిన ఎరిక్ బ్యూయెల్ తరువాత సొంత కంపెనీ పెట్టి, స్పోర్ట్‌స్టర్ వీ-ట్విన్ ఇంజనునే తీసుకుని పొట్టి చట్రాల్లో కూర్చాడు. 2002 నాటి ఎక్స్‌బి9ఆర్‌లో వీల్‌బేస్ 1,320 మిల్లీమీటర్లే. క్రూయిజర్ల కంటే దాదాపు 30 సెంటీమీటర్లు తక్కువ. పెట్రోలు చట్రపు గొట్టాల్లోనే ఉంటుంది, ఇంజనాయిలు స్వింగ్ ఆర్మ్‌లో ఉంటుంది, బరువంతా మధ్యకు కూడుతుంది. క్రూయిజర్‌లో బద్ధకంగా దడదడలాడే అదే ఇంజను ఇందులో ముందు చక్రాన్ని చిటికెలో లేపేది. విన్యాస రౌతులకు బ్యూయెల్ ప్రియమైన బండి అయింది. తరువాత హార్లీ చేతికే వచ్చిన ఆ కంపెనీని 2009 అక్టోబరులో హార్లీ మూసేసింది. అయితే బ్యూయెల్ ముద్ర ఇంకొక దారిలో మిగిలింది. హార్లీలో ఉన్న రోజుల్లో అతను పనిచేసిన ఎఫ్‌ఎక్స్‌ఆర్ చట్రం 1982లో మార్కెట్లోకి వచ్చింది. ఇంజనును రబ్బరు దిమ్మెల మీద నిలిపి, వంపుల్లో మెలిక తిరగకుండా గట్టిగా ఉండేలా చేసిన ఈ చట్రాన్ని కాలిఫోర్నియాలోని మోటారు సైకిలు క్లబ్బుల వాళ్లు ప్రాణంలా చూసుకున్నారు. క్రూయిజర్‌ను జోరుగా నడపవచ్చు అన్న ఆలోచన అక్కడ పుట్టింది.

ఎఫ్‌ఎక్స్‌ఆర్ స్థానంలో 1991 నుంచి డైనా వరస వచ్చింది. తయారీకి చౌక, చట్రం మునుపటంత గట్టిది కాదని పాతవాళ్లు సణిగారు. కానీ డైనా విరివిగా దొరికింది, వెనుక షాక్ అబ్జార్బర్లు రెండూ బయటికి కనిపించేలా ఉండటం వల్ల మార్చుకోవడం తేలిక. 1999లో 1,450 సీసీల ట్విన్ క్యామ్ ఇంజను, 2006లో ఆరు గేర్ల పెట్టె వచ్చి చేరాయి. 2008 నుంచి 2014 వరకు నడిచిన సన్స్ ఆఫ్ అనార్కీ టీవీ సీరియల్‌లో కథానాయకులు ఎక్కింది డైనాలనే. నల్ల రంగు, హెడ్‌లైటు చుట్టూ గాలిని అడ్డుకునే చిన్న తొడుగు (ఫెయిరింగ్), ఎత్తైన హ్యాండిల్, పొడవైన షాక్ అబ్జార్బర్లు ఉన్న ఈ రూపం కాలిఫోర్నియా క్లబ్బుల వీధుల నుంచి ప్రపంచానికి పాకింది. క్లబ్ స్టైల్ అని దీనికి పేరు స్థిరపడింది.

ఇక్కడ రెండు ప్రవాహాలు కలిశాయి. 1990 దశకం చివర్లో ఒహాయో రాష్ట్రంలోని యాక్రన్ పట్టణానికి చెందిన స్టార్‌బాయ్జ్ లాంటి బృందాలు స్పోర్ట్స్ బైకుల మీద వీలీలు చేస్తూ తీసిన వీడియో టేపులు విపరీతంగా అమ్ముడయ్యాయి. ఆ టేపులు చూసి పెరిగినవారు కొందరు వయసు వచ్చాక సెకండ్‌హ్యాండ్ డైనాలు కొన్నారు. స్పోర్ట్స్ బైకు మీద నేర్చిన విద్యను క్రూయిజర్ మీద పరీక్షించారు. దక్షిణ కాలిఫోర్నియాలోని అన్‌నోన్ ఇండస్ట్రీస్ వంటి బృందాలు 2010 దశకంలో డైనాల మీద, తరువాత పెద్ద ప్రయాణపు హార్లీల మీద కూడా వీలీలు చేస్తూ వీడియోలు విడుదల చేశాయి. చేతిఫోన్లు, ఇన్‌స్టాగ్రామ్ తోడయ్యేసరికి కొద్ది ఏళ్లలో ఈ ఆట అమెరికా పొలిమేరలు దాటింది. స్పోర్ట్స్ బైకు వీలీ చూసి చూసి మొహం మొత్తిన జనానికి, సంచులు తగిలించిన పెద్ద బండి నిటారుగా లేవడం కొత్త వింత. కష్టమైన పని కాబట్టి విలువ, చూడటానికి అసంగతంగా ఉంది కాబట్టి వినోదం. ఈ రెండింటిలో ఏది లేకపోయినా ఈ ఆట ఇంత పాకేది కాదు.

వాళ్లు బండిలో చేసిన మార్పులు చూస్తే పై లెక్కలన్నీ చదివి చేశారా అనిపిస్తుంది. నిజానికి అనుభవమే చెప్పింది. వెనుక పొడవాటి షాక్ అబ్జార్బర్లు వేస్తే బండి ఎత్తు పెరుగుతుంది, గురుత్వ కేంద్రం పైకి వెళుతుంది, చక్రం తేలిగ్గా లేస్తుంది. వెనుక పళ్ల చక్రాన్ని పెద్దది వేస్తే టార్క్ ఇంకా హెచ్చుతుంది. కాళ్లు ముందుకు చాపే అమరిక వీలీకి శత్రువు. బండి లేచినప్పుడు పాదాలు ఆకాశం వైపు తిరుగుతాయి, వెనుక బ్రేకు అందదు. అందుకే ఫుట్‌రెస్టులను మధ్యకు తెచ్చారు. హ్యాండిల్‌ను ఎత్తు చేసి దగ్గరకు లాగారు, నిలబడి నడపడానికి అదే అనువు. సీటు వెనుక ఎత్తుగా ఉండేలా మార్చారు, జారి కింద పడకుండా. ముందు ఫోర్కును తీసేసి జపాన్ స్పోర్ట్స్ బైకుల తలకిందుల ఫోర్కును బిగించినవారూ ఉన్నారు. ఎందుకంటే లేవడం కంటే దిగడం బండికి ఎక్కువ దెబ్బ. మూడు వందల కిలోల బండి ముందు భాగం ధబేలున పడితే మామూలు ఫోర్కు అడుగు తగులుతుంది, రిమ్ము వంకర పోతుంది, స్టీరింగ్ తల దగ్గర బేరింగులు నలుగుతాయి.

హార్లీకే ప్రత్యేకమైన ఒక ఇబ్బంది వెనుక చక్రాన్ని తిప్పే బెల్టు. 1980లో స్టర్జిస్ మోడల్‌తో మొదలై, తరువాత దాదాపు అన్ని హార్లీలకూ పాకిన ఈ పళ్ల బెల్టుకు నూనె అక్కర్లేదు, శబ్దం లేదు, వేల కిలోమీటర్లు మన్నుతుంది. నెమ్మదైన ప్రయాణానికి ఇంతకంటే మేలైనది లేదు. క్లచ్‌ను ఉన్నపళంగా వదిలే కుదుపులకు మాత్రం దాని పళ్లు ఊడతాయి, ఒక్కోసారి బెల్టే తెగుతుంది. ముందు చక్రం తలెత్తి ఉన్నప్పుడు బెల్టు తెగితే బండి వెంటనే నేలకు కూలుతుంది. కాబట్టి వీలీలు చేసేవారు పాత కాలపు చైనుకు మళ్లారు. ముప్పై ఏళ్ల కిందట హార్లీ వదిలించుకున్న చైను మళ్లీ ఖరీదైన విడిభాగంగా తిరిగి వచ్చింది. ఇంజనాయిలుది ఇంకొక చిక్కు. బండి నిటారుగా ఉన్నంతసేపూ ఆయిలు వెనక్కి చేరుతుంది, పంపు అందుకోవలసిన చోట గాలి మిగులుతుంది. సుదీర్ఘమైన వీలీలు ఇంజనుకు అందుకే చేటు.

2017 ఆగస్టులో హార్లీ డైనా వరసను ఆపేసి, దాని మోడళ్లను సాఫ్ట్‌టెయిల్ చట్రంలోకి కలిపేసింది. క్లబ్ స్టైల్ వారిలో పెద్ద గగ్గోలు లేచింది. కొత్త చట్రం నిజానికి తేలికైనది, గట్టిది. అయినా పాత డైనాల ధర పడిపోలేదు. కంపెనీకి ఆ అభిమానుల అభిరుచి అర్థం కాకపోలేదు. 2020 మోడల్‌గా వచ్చిన లో రైడర్ ఎస్ పూర్తిగా క్లబ్ స్టైల్ రూపంలో ఉంది. ఎత్తైన హ్యాండిల్, మధ్యలో ఫుట్‌రెస్టులు, చిన్న ఫెయిరింగ్, తలకిందుల ఫోర్కు, 1,868 సీసీల ఇంజను, మొత్తం 308 కిలోలు. సూపర్ గ్లైడ్ నాటి ముచ్చటే మళ్లీ జరిగింది. వీలీ చేసేవారు ఇంట్లో బిగించుకున్న సామాను కంపెనీ బిగించి ఇచ్చింది. వీలీ గురించి మాత్రం ఒక్క మాటా అనలేదు, అనజాలదు కూడా. నేరంగా ఉన్న పనిని ఏ కంపెనీ తన బండికి గుణంగా చెప్పుకుంటుంది?

భారీ బండ్ల ముందు చక్రం చట్టబద్ధంగా లేచే చోటు ఒకటి 2020లోనే దొరికింది. అమెరికాలో మోటోఅమెరికా సంస్థ ఆ ఏడాది అక్టోబరులో కాలిఫోర్నియాలోని లగునా సెకా ట్రాకు మీద కింగ్ ఆఫ్ ద బ్యాగర్స్ అనే పందెం పెట్టింది. సామాను సంచులు, పెద్ద ఫెయిరింగ్ ఉన్న ప్రయాణపు బండ్లకే ప్రవేశం. ఇండియన్ కంపెనీ ఛాలెంజర్ బండి మీద టైలర్ ఒహారా తొలి పందెం గెలిచాడు. మరుసటి ఏడాది కైల్ వైమన్ హార్లీకి టైటిల్ తెచ్చిపెట్టాడు. వంపు దాటి యాక్సిలరేటర్ తిప్పగానే ఈ బండ్ల ముందు చక్రాలు గాలిలోకి తేలడం టీవీలో చూసినవారికి వింతగా తోస్తుంది. రేసు కోసం వాటిని అంతలా ఎత్తు చేశారు, ఇంజన్లకు అంతలా బలం పోశారు. నిజానికి రౌతుకు అక్కడా అది నష్టమే, డ్రాగ్ రేసులో లాగే.

మరోపక్క ఎలక్ట్రానిక్స్ ఎదురు దిశలో పనిచేస్తున్నాయి. బండి వంపును, వాలును క్షణక్షణం కొలిచే సెన్సర్లు ముందు చక్రం లేస్తున్నదని పసిగట్టి ఇంజను బలాన్ని తగ్గిస్తాయి. 2021లో వచ్చిన హార్లీ స్పోర్ట్‌స్టర్ ఎస్‌లో, 228 కిలోల బరువూ 121 అశ్వశక్తీ ఉన్న ఈ బండిలో, అలాంటి ఏర్పాటు ఉంది. అందుకే సెన్సర్ల బెడద లేని పాత డైనాకు వీలీ చేసేవారి దగ్గర గిరాకీ తగ్గలేదు.

చట్టం మొదటి నుంచీ ఈ విద్యకు వ్యతిరేకమే. అమెరికాలో రాష్ట్రానికో తీరు. 2008లో ఫ్లోరిడా, ప్రజా రహదారుల మీద మోటారు సైకిలు రెండు చక్రాలూ ఎల్లవేళలా నేల మీదే ఉండాలని ప్రత్యేకంగా చట్టం చేసి, మొదటి తప్పుకే వెయ్యి డాలర్ల జరిమానా పెట్టింది. చాలా చోట్ల ప్రత్యేకంగా చెప్పకపోయినా ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద కేసు పెడతారు. ప్రదర్శనలు ఇచ్చేవారు మూసిన మైదానాల్లో, పార్కింగ్ స్థలాల్లో, రేసు ట్రాకుల్లో చేస్తారు. వీధుల్లో చేసి వీడియో తీసేవారికి ఆ వీడియోయే పోలీసుల చేతిలో సాక్ష్యం అవుతుంది.

మన దేశంలో భారీ క్రూయిజర్లు అడుగుపెట్టిందే ఆలస్యంగా. హార్లీ 2009లో భారత విభాగాన్ని ప్రారంభించింది. మరుసటి ఏడాది తెరిచిన తొలి షోరూమ్‌లలో హైదరాబాద్ బంజారాహిల్స్‌ది ఒకటి. 2020లో కంపెనీ సొంత వ్యాపారం మానుకుని హీరో మోటోకార్ప్‌తో చేతులు కలిపింది. ఈ బండ్ల ధర లక్షల్లో, విడిభాగాలకు ఎదురుచూపులు వారాల తరబడి. వాటిని కొన్నవారు ఆదివారం ఉదయాల్లో గుంపుగా టిఫిను దాకా వెళ్లి రావడానికి వాడారు తప్ప, క్లచ్ వదిలి ముందు చక్రం లేపడానికి సాహసించినవారు అరుదు. మన వైపు వీలీ అంటే 2001లో వచ్చిన పల్సర్, తరువాతి కేటీఎం డ్యూక్ లాంటి తేలిక బండ్లే. హైదరాబాద్ రాయదుర్గం నాలెడ్జ్ సిటీ దారుల్లో వారాంతపు రాత్రులు విన్యాసాలు చేసిన కుర్రాళ్ల నుంచి పోలీసులు పట్టుకున్న బండ్లలోనూ ఇవే ఎక్కువ. 2023లో వచ్చిన రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650 మనకు అందుబాటులోకి వచ్చిన బరువైన క్రూయిజర్. 241 కిలోల బండికి 47 అశ్వశక్తే ఉండటంతో, ముందు చక్రం లేపాలన్న ఆశ దాని మీద పెద్దగా నెరవేరదు.

శిక్ష విషయంలో బండి బరువు చూడరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన డ్రైవింగ్‌కు మొదటిసారి ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు గానీ, వెయ్యి నుంచి 5,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, 10,000 రూపాయల జరిమానా గానీ, రెండూ గానీ. నడిపినవాడు మైనరైతే 199ఏ సెక్షన్ కింద సంరక్షకుడికో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా, ఏడాది పాటు ఆ బండి రిజిస్ట్రేషన్ రద్దు.